శ్వశురగృహవాసము: చాటుకవులును కావ్యకవులును

పంట గాదెల కెక్కి, బండ్లబాటలు పొడియాఱిన పుష్యమాసమున తెలుఁగునాఁటి పల్లెలకు అల్లుండ్రు వత్తురు. భోగినాఁడు తలంటు, సంక్రాంతినాఁడు క్రొత్తబట్టలు, అరిసెలు, పొంగలి, కనుమనాఁడు మినుపగారెలు: ఇవి మూఁడు దినముల మర్యాదలు. కనుమనాఁడు కాకియైనను కదలదను సామెతను జూపి మామగారు అల్లుని ప్రయాణమును నాపుదురు. ముక్కనుమ యని నాలవనాఁడును గడచును. బావమఱఁదులు పరిహాసమాడుదురు, మఱఁదండ్రు గడపలో నడ్డగించి కానుక లడుగుదురు, అత్తగారు తలుపుచాటున నిలిచి వడ్డన నడపును. ఇట్లు ప్రతిగృహమున నేఁటేఁట జరుగుచున్న యీ శ్వశురగృహవాసమును గూర్చి కవు లేమి చెప్పిరి? చెప్పినదానిలో నెవ్వరి పక్షమును వహించిరి? ఈ ప్రశ్నకు సమాధానము వెదకినచో రెండు మార్గములు పరస్పరభిన్నములుగాఁ గనఁబడుచున్నవి. ఒకటి చాటువులు, శతకములు, సామెతలు నడచిన మార్గము. రెండవది పురాణేతిహాసకావ్యములు నడచిన మార్గము. ఆ రెంటి భేదమును నిరూపించుటయే యిందలి ప్రయోజనము.

ముందు సుపరిచితములగు నుక్తులను పరికింపవలయును. సుమతిశతకకారుఁడు లోకమున లేని వస్తువులను లెక్కించుచు అల్లుని మంచితనమును తెల్లకాకుల సరసను నిలిపెను. అల్లుఁడు తొమ్మిదింటికిఁ బైఁబడిన పదియవ గ్రహమను సంస్కృతోక్తి పండితుల నోటనే కాక యితరుల నోటను వినఁబడుచున్నది. నిస్సారమగు సంసారమున సారభూతమైనది మామగారి యిల్లొక్కటే యనియు, కావుననే హరుఁడు హిమాలయమునను హరి పాలకడలియందును పవ్వళించుచున్నారనియు నొక చాటుశ్లోకము చమత్కరించును. మఱియొక చాటువు ఇంతకంటెఁ గటువైనది. వివేకియగువాఁడు అయిదాఱు దినములు మాత్రమే నిలిచెనేని మామగారి యిల్లు స్వర్గతుల్యము. పెరుఁగు, నెయ్యి, తేనె యను వానిమీఁది యాసచే నెల దినములు నిలిచెనేని వాఁడు మానహీనుఁడై గాడిదతో సమానుఁ డగును. ఇది దాని తాత్పర్యము.

ఈ కడపటి చాటువునందలి మూఁడు వస్తువులును తోఁచినట్లు పేర్పఁబడినవి కావు. పెరుఁగు, నెయ్యి, తేనె మధుపర్కద్రవ్యములు. రాజు, ఋత్విజుఁడు, స్నాతకుఁడు, గురువు, ప్రియుఁడు, శ్వశురుఁడు, మాతులుఁడు అను వారు సంవత్సరము గడచిన పిమ్మట మరల నింటికి వచ్చినచో వారిని మధుపర్కముతో నర్చింపవలయునని మనుస్మృతి తృతీయాధ్యాయము విధించుచున్నది. ఇచటి ప్రియశబ్దమునకు జామాత యని వ్యాఖ్యాతలు అర్థము చెప్పిరి. అనఁగా అల్లుఁడు ఏఁటి కొకమాఱు పూజార్హుఁడగు నతిథి. ఏఁటి కొకమాఱు జరుగవలసిన పూజను ముప్పది దినముల భోజనముగా మార్చుకొనినవానిని చాటుకవి పరిహసించెను. పరిహాసము శాస్త్రమూలమైనది, కావుననే సూటిగాఁ దగులుచున్నది. ఏఁటేఁట సంక్రాంతికి అల్లుని బిలుచు తెలుఁగువారి వాడుక ఈ సంవత్సరనియమమునకు మిక్కిలి సన్నిహితముగా నున్నదనుటయు గమనింపఁదగినది.

అయినను నీ యుక్తులన్నింటియందును నొక లోపము సమానముగా నున్నది. వీనిలో మామ కలఁడు, అల్లుఁడు కలఁడు, నెయ్యి కలదు, కూఁతురు లేదు. ఎవ్వతె మూలమున నా యిరువురకును చుట్టఱిక మేర్పడినదో, ఎవ్వతెకు ఆ యిల్లు అత్తవారిల్లు గాక పుట్టినిల్లో, ఆమె మాట యొక్కటియైనను వినఁబడదు. ఆమెను తొలఁగించినచో మిగిలినది పెట్టువాఁడును తినువాఁడును మాత్రమే; అపుడు కథ వ్యాపారముగను, వ్యాపారము హాస్యముగను పరిణమించును. కావ్యకవులు ఈ పొరపాటు చేయలేదు. వారు కూఁతును నడుమ నిలిపిరి. అందుచే వారి చేతిలో నీ విషయము హాస్యమును దాఁటి, ఒకచోట విషాదాంతమును, ఒకచోట శృంగారమును, ఒకచోట కరుణపూర్వకమగు పునస్సమాగమమును బొందెను. మూఁడు మామగారి యిండ్లను వరుసగాఁ బరిశీలించినచో నిది స్పష్టమగును: దక్షుని యిల్లు, హిమవంతుని యిల్లు, విదర్భాధిపతియగు భీముని యిల్లు.

దక్షుని యింటఁ బండుగకుఁ గొఱఁత లేదు. భాగవత చతుర్థస్కంధమున, దక్షుఁడు బృహస్పతిసవము చేయుచుండఁగా గంధర్వాదుల కాంతలు క్రొత్తబట్టలు గట్టి, కుండలములు దాల్చి, భర్తలతో విమానములపై నాకాశమునఁ బోవుచుండిరి. కైలాసమునుండి సతి వారిని జూచెను. అప్పు డామె భర్త నడిగినది యజ్ఞఫలమును గాదు, కట్నకానుకలను గాదు. అక్కచెల్లెండ్రు తమ భర్తలతో వత్తురు, వారిని జూడవలయును, తల్లిని జూడవలయును, పుట్టిన చోటును జూడవలయును. ఇంతియే యామె కోరిక. పిలుపు రాలేదే యన్న శంక కామెయే సమాధానము చెప్పినది: స్నేహితుని యింటికి, భర్త యింటికి, గురువు నింటికి, తండ్రి యింటికి పిలువకున్నను బోవుదురు గదా! తెలుఁగున నీ స్కంధమును రచించిన పోతనయు నీ మాటను విడువలేదు.

శివుని ప్రత్యుత్తరము లౌకికజ్ఞానమున కొక పరాకాష్ఠ. నీవు చెప్పినది మంచిదే. కాని బంధువుల చూపు దురభిమానముచేఁ జెడకున్నపుడే యది చెల్లును. శత్రువుల బాణములు తగిలినవాఁడైనను నిద్రపోఁగలఁడు. అయినవారి వంకరమాటలు తగిలినవాఁడు రేయింబవళ్లు కుములును. ఇది యతని వాక్యసారము. వైరమునకు మూలమేమి? పూర్వమొక సత్రమున దక్షుఁడు సభఁ బ్రవేశించినపు డందఱును లేచిరి. బ్రహ్మయు శివుఁడును లేవలేదు. బ్రహ్మ తండ్రి గనుక దక్షుఁ డోర్చెను. అల్లుఁడు లేవకుండుట నోర్వలేకపోయెను. ఒక యాసనమునుండి లేచుట, లేవకుండుట యను నంతటి చిన్న మర్యాదయే పెరిగి యజ్ఞభాగము నపహరించుటకును, యజ్ఞశాల కూలుటకును గారణమయ్యెను. పల్లెలలో నేఁడును అల్లునికి పీట వేయు క్రమమును గూర్చియు, ఎదురువచ్చువారిని గూర్చియు జరుగు తగవులను ఎఱిఁగినవారికి ఈ కథ యొక్క మూలము వింతగాఁ దోఁపదు.

ఈ ఘట్టమున వ్యాసుఁడు చేర్చిన యొక చిన్నవర్ణన మిక్కిలి విలువైనది. సతి యొంటరిగా బయలుదేఱఁగా శివుని యనుచరులు వెంబడించి, యామెను వృషభముపై నెక్కించి, ఆమెకుఁ బ్రియములగు వస్తువులను వెంటఁ గొనిపోయిరి: శారిక, బంతి, అద్దము, కమలము, తెల్లగొడుగు, వింజామర, పూలదండలు. గొడుగును వింజామరయు రుద్రపత్నికిఁ దగిన రాజచిహ్నములు. కాని శారికయు బంతియు పుట్టినింట నాడుకొనిన పిల్లవి. పుట్టినింటికిఁ బోవునపుడు స్త్రీ ఏకకాలమున నొకరి భార్యయు నొకరి బిడ్డయు నగునను సత్యమును ఆ మూటయే చెప్పుచున్నది. యజ్ఞశాలయందు దక్షునికి వెఱచి యెవ్వరును నామెను బలుకరింపరైరి. తల్లియు తోఁబుట్టువులును మాత్రము గద్గదకంఠలై కౌఁగిలించుకొనిరి. వారిచ్చిన యాసనమును, సత్కారమును సతి గైకొనలేదు. తండ్రి పలుకరింపని యింట తల్లి వేసిన పీటపైఁ గూరుచుండుట కామె కభిమానము చాలదయ్యెను. రుద్రునికి భాగము లేని యజ్ఞమును జూచి, తండ్రిని నిందించి, ఆ తండ్రి యిచ్చిన దేహమును యోగాగ్నిచే విడిచెను. ఇందు విచారింపవలసిన దొకటి కలదు. అవమానము పొందినవాఁడు అల్లుఁడు. ప్రాణము విడిచినది కూఁతురు. చాటుకవులు మామయల్లుండ్ర నడుమఁ జూచిన పరిహాసము నిజముగా నెవ్వరి మీఁదఁ బడునో భాగవతము చూపినది.

ఇఁక రెండవ యిల్లు. దక్షుని యింట దేహము విడిచిన సతియే హిమవంతుని పత్నియందు జన్మించినదని కాళిదాసు కుమారసంభవ ప్రథమసర్గముననే చెప్పెను. ఆమె దేహత్యాగము చేసినది మొదలు పశుపతి భార్యారహితుఁడై యుండెనని యా సర్గమునందే మరల జ్ఞాపకపఱచెను. కావున హిమవంతుని యిల్లు దక్షుని యింటికిఁ బ్రత్యుత్తరముగాఁ గూర్పఁబడినది. తెలుఁగున నన్నెచోడుఁడు తన కుమారసంభవమున దక్షాధ్వరధ్వంసమును ముందుంచి పార్వతీకథను వెనుక నడపి ఈ రెండిండ్ల సంబంధమును మఱింత స్పష్టపఱచెను. 1909 సంవత్సరమున మానవల్లి రామకృష్ణకవిగా రా గ్రంథమును ప్రకటించినప్పటినుండి దాని కాలమును గూర్చి పండితులు విశేషముగా వాదించిరి. కథాసంవిధానమునందలి యీ గుణమునకును అంతటి శ్రద్ధ తగును.

పెండ్లియైన పిదప శివుఁడు ఓషధిప్రస్థముననే, శైలరాజభవనమున, ఉమతోఁ గూడ నొక మాసము నివసించెనని యష్టమసర్గము చెప్పుచున్నది. మాసము! చాటువు మానహీనుని గుర్తించుటకుఁ బెట్టిన గడువును నదియే. లోకము నెల దినములు మామగారి యింట నున్నవానిని గాడిద యనఁగా, మహాకవి జగదీశ్వరుని సరిగా నెల దినములు నిలిపెను. కాళిదాసు కాలమున నీ పరిహాసము లోకమున నుండెనో లేదో నిర్ణయించుట యిచట ననవసరము. రెండు రచనలను ప్రక్కప్రక్కనుంచి చూచినపుడు ఒకే గడువు ఒకచోట దోషమును, ఇంకొకచోట శోభయు నగుటకుఁ గారణమేమి యనునదియే విమర్శకుఁడు విచారింపవలసినది.

కారణములు మూఁడు కలవు. మొదటిది, నిలిచిన ప్రయోజనము. చాటువునందలి యల్లుఁడు పెరుఁగు నేతుల కొఱకు నిలిచెను. కాళిదాసు శివునికి భోజనమును జెప్పలేదు. ఉమతోఁ గూడ నని మాత్రమే చెప్పెను. అతఁడు నిలిచినది భార్య కొఱకు. అప్పుడప్పుడే సిగ్గు వదలుచున్న నవోఢకు పరిచితమగు పుట్టినింటనే భర్తతోడి చెలిమి యలవడుట సుకరము. రెండవది, తల్లి దృష్టి. ఈ సర్గమునందే భర్తకుఁ బ్రియురాలైన కూఁతును జూచి తల్లి యూఱట చెందెనని కవి చెప్పి, వధువు భర్తృప్రేమను బొందుటచేతనే తల్లి మనోదుఃఖమును దీర్చునని సామాన్యసూత్రము నొకదానిని జోడించెను. కూఁతు నిచ్చిన తల్లి మనసులోని సందేహ మేది? ఆమె యచట సుఖముగా నున్నదా యనునదియే గదా. ఆ ప్రశ్నకు లేఖలును రాయబారములును జెప్పఁజాలని సమాధానము, అల్లుఁడు కూఁతుతో వచ్చి కన్నులయెదుట నాలుగునాళ్లుండుటచే లభించును. పండుగకు అల్లునిఁ బిలుచుటయందలి యంతరార్థము ఇదియే. మేనకు కలిగిన యూఱట యిదియే.

మూఁడవది, వీడ్కోలు. శివుఁడు హిమవంతుని యనుమతిని గైకొని బయలుదేఱునపుడు మామ కూఁతు నెడఁబాటుచే దుఃఖితుఁడై యుండెను. తరువాత నా దంపతులు మేరువు, మందరము, మలయము మున్నగు చోట్ల విహరించిరి. ఆతిథేయుఁడు విసిగినపిమ్మటఁ బోవుటకును, విలపించుచుండఁగాఁ బోవుటకును గల భేదమే చాటువునకును కావ్యమునకును గల భేదము. దినముల సంఖ్య యొకటియే. కూఁతురు నడుమ నుండుటచే నర్థము మాఱినది. అష్టమసర్గమును ఆలంకారికులు దేవతాసంభోగవర్ణనమువలని యనౌచిత్యమునకు ఉదాహరణముగాఁ దీసికొనిరి. ఆనందవర్ధనుఁడు దానిని బ్రస్తావించెను. మమ్మటుఁడు తలిదండ్రుల సంభోగవర్ణనమువలె మిక్కిలి యనుచితమనెను. ఆ చర్చ తన హద్దులలో యుక్తమే. కాని యా సర్గమును శృంగారమాత్రముగాఁ జదివి, తల్లి యూఱటను తండ్రి దుఃఖమును విడిచినచో, కవి గృహస్థధర్మమును గూర్చి చెప్పిన మాట నష్టమగును.

మూఁడవ యిల్లు భీమునిది. అల్లుని మానావమానములను గూర్చి నలోపాఖ్యానమంత సూక్ష్మముగాఁ బలికిన కథ యరుదు. తెలుఁగున నిది యారణ్యపర్వమునందలి నన్నయ భాగములోఁ జేరినది. జూదమున సర్వస్వము నోడి, ఒకే వస్త్రముతో నడవిఁబడిన నలుఁడు దమయంతికి విదర్భకుఁ బోవు త్రోవను మాటిమాటికిఁ జూపెను. ఆ యడవిలో భర్తను విడిచి తా నొంటరిగాఁ బోఁజాలననియు, పోవలసియున్నచో నిరువురమును గలసియే పోవుదమనియు, తన తండ్రి నలుని గౌరవించుననియు నామె చెప్పెను. నలుఁ డంగీకరింపలేదు. సంపన్నుఁడనై పోయి నీ సంతోషమును బెంచినవాఁడను, దీనుఁడనై పోయి నీ దుఃఖము నెట్లు పెంతునని వ్యాసుని నలుఁ డనును. ఇచటఁ బరికింపఁదగిన దేమనఁగా, నలుఁడు తన సిగ్గును జెప్పలేదు. మామ చులుకన చేయునని చెప్పలేదు. భార్య దుఃఖమును జెప్పెను. మానమును భార్య మనస్సుతోఁ గొలిచిన యీ యల్లుఁడు చాటువునందలి మానహీనునికి సరిగా నెదురుగా నిలుచుచున్నాఁడు. అయినను నా మానమే యతనిచే నిద్రించుచున్న భార్యను విడిపించినది. కథకుఁ డతనిని మంచివానిగాఁ జూపుచునే యతని తప్పును దాఁపలేదు.

తుదకు నలుఁ డా యింటికి వచ్చుట యెట్లు? అల్లుఁడుగాఁ గాదు. వికృతరూపుఁడగు బాహుకుఁడై, ఋతుపర్ణుని సారథియై, లేని స్వయంవరమునకు రథము దోలుకొని వచ్చి, రథశాలయందు విడిసెను. మామగారి యింట అల్లునికి వంట చేయుదురు. ఇచట అల్లుఁడే తన ప్రభువునకు వంట చేసెను. దమయంతి పంపిన కేశిని యతఁడు వండిన మాంసమును దెచ్చియీయఁగా, రుచిని బట్టి యామె భర్తను గుర్తించెను. పుట్టినింట బెరుగుచున్న బిడ్డలను బంపఁగా నతఁడు కౌఁగిలించి యేడ్చెను. ఆ మీఁద తలిదండ్రుల యనుమతి గైకొని యతనిని తన మందిరమునకు రప్పించెను. విందు, వంట, పీట యను బాహ్యోపచారము లన్నియుఁ దలక్రిందులైన యీ ఘట్టమున అల్లుని అల్లుఁడుగాఁ జేసినది యెవ్వరు? కూఁతురే. ఆమె గుర్తించిన పిమ్మటనే భీముఁ డతనిని పుత్రునివలె స్వీకరించెను. ఆ పిమ్మటనే పురమున కలంకారము జరిగినది. పండుగ ముందును చుట్టఱికము వెనుకయు గాదు. చుట్టఱికము ముందు, పండుగ వెనుక.

వ్యాసుఁ డిచటను నలుఁడు నెల దినములుండి, భీముని వీడ్కొని, కొలఁది పరివారముతో నిషధకుఁ బయలుదేఱెనని చెప్పుట మఱవరానిది. ఒకే తెల్లని రథము, పదాఱు ఏనుఁగులు, ఏఁబది గుఱ్ఱములు, ఆఱువందల కాల్బలము. మామగారి సైన్యముతో రాజ్యము గెలువలేదు. తన పాచికలతో గెలిచి, పిదప వచ్చి భార్యను గొనిపోయెను. నెల దినములుండియు గాడిద గాకుండుటకు ఉపాయ మిదియని కథ చెప్పుచున్నట్లున్నది: ఉండుట భార్య కొఱకు, వెడలుట తన బలముచేత.

ఈ మూఁడిండ్లును దేవతలవియు రాజులవియు. తెలుఁగు గృహస్థుని యింటి మాట యేమి యని యడుగవచ్చును. దానికిఁ దెనాలి రామకృష్ణకవి పాండురంగమాహాత్మ్యమున నిగమశర్మోపాఖ్యానము సమాధానము. పీఠికాపురమునందలి యొక వైదికగృహము. కుమారుఁడు చెడుత్రోవఁబట్టి యింటిని గుల్లచేయుచుండఁగా, అత్తవారింటనున్న యక్క విని, సంసారముతోఁ దరలి పుట్టినింటికి వచ్చినది. ఈమె పండుగకు వచ్చిన యాఁడుపడుచు కాదు. తలంటుకొని, పిండివంటలు దిని, చీరపెట్టించుకొని పోవుటకు వచ్చినది కాదు. తమ్ముని కూరుచుండఁబెట్టి, అన్నము పెట్టి, తలిదండ్రుల ముసలితనమును, ఇల్లాలి దుఃఖమును, కులమర్యాదను మెల్లమెల్లగాఁ జెప్పినది. అతఁడు కొలఁదినాళ్లు బుద్ధిమంతునివలె నుండి, ఒకరాత్రి యింటి సొమ్ములను మూటగట్టి పాఱిపోయెను. ఆ సొమ్ములలో నక్క ముక్కరయుఁ బోయెను. అంతటి వివేకియైన యామె ముక్కరకై వగచుటను జూపి రామకృష్ణుఁడు పాఠకుని నవ్వించును. ఆ నవ్వుతోనే యామె పుస్తకములోని యాదర్శము గాక ప్రాణముగల గృహిణి యయ్యెను.

రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగా రీ పాత్రను గూర్చి వ్రాసిన వ్యాసము ప్రసిద్ధము. కవి యామెకుఁ బేరైనను బెట్టలేదనునది పాఠకు లందఱును గుర్తుంచుకొనిన విషయము. ఆమె తమ్ముని పేరుతోఁ బిలువఁబడునదియే కాని స్వనామముతోఁ గాదు. ఇంటి యాఁడుపడుచు స్థితికి ఇంతకంటె సరియైన గుర్తు లేదు: అత్తవారింట నొకరి భార్య, పుట్టినింట నొకరి యక్క. పేరులేని యీ స్త్రీయే తెలుఁగుకావ్యములలో పుట్టినింటిని చక్కఁబెట్టుటకు వచ్చిన కూఁతురుగా నిలిచినది. ఆమె భర్త యా కథలో ముందునకు రాఁడు. అల్లునికి జరిగిన మర్యాదలను గూర్చి కవి యూసెత్తలేదు. చాటుకవి కూఁతును విడిచి అల్లునిఁ జెప్పెను; రామకృష్ణుఁడు అల్లుని విడిచి కూఁతును జెప్పెను. ఏది జ్ఞాపకముండినదో లోకమే చెప్పుచున్నది.

ఈ వాదమున కొక యాక్షేపము రావచ్చును. సుమతిశతకము బాలురకు లోకవృత్తమును నేర్పుటకును, చాటువు సభలో నవ్వించుటకును బుట్టినవి. వానిని మహాకావ్యములతోఁ బోల్చుట న్యాయము గాదనవచ్చును. ఆక్షేపము సగము సత్యము. చాటువు తన పని తాను చక్కఁగా నెఱవేర్చినది. మధుపర్కమును భోజనముగా మార్చుకొనినవానికి ఆ చుఱక తగినదే. దోషము చాటువునందు లేదు, దానినే సంపూర్ణసత్యముగా గ్రహించుటయందున్నది. పాఠశాలలో బాలుఁడు అల్లుని మంచితనము తెల్లకాకి యని వల్లించును. ఆ బాలుఁడే పెరిగి యల్లుఁడై, తన్ను గూర్చి లోకమిట్లే తలఁచునని నమ్మి, దానికిఁ దగినట్లే వర్తించును. మామయు నట్లే నమ్మి, వ్యయమును శాంతిహోమముగా భావించి చేయును. గ్రహముగాఁ బూజింపఁబడువాఁడు గ్రహమువలెనే నడచుకొనుట యాశ్చర్యము గాదు.

మఱియొక యాక్షేపము: కూఁతును నడుమ నిలుపుట నవీనుల దృష్టియే కాని ప్రాచీనుల యుద్దేశము గాదని. పై ఘట్టములే దీనికిఁ బ్రత్యుత్తరము. పుట్టినచోటు చూడవలయునని యడిగిన సతిని, కూఁతు ముఖమును జూచి యూఱడిల్లిన మేనను, రుచిచే భర్తను గుర్తించిన దమయంతిని నవీనులు కల్పింపలేదు. ప్రాచీనులు వ్రాసినదానిని విడిచి చాటువులనే తఱచుగా నుదాహరించుటయే నవీనుల యలవాటు.

ఆ యలవాటు నేఁడు క్రొత్తరూపమును దాల్చినది. 2022 సంవత్సరపు సంక్రాంతికి పశ్చిమగోదావరిజిల్లా నరసాపురమున నొక కుటుంబమువారు మనుమరాలికి నిశ్చయింపఁబడిన వరునికి 365 విధముల వంటకములతో విందు చేసిరని పత్రికలు ప్రకటించినవి. ఏఁటిలోని దినముల సంఖ్యయే వంటకముల సంఖ్య. అటు తరువాతను నిట్టి విందుల వార్తలు పండుగపండుగకు వచ్చుచున్నవి. గోదావరీతీరవాసుల యాతిథ్యము ప్రశంసనీయమే. పెద్దల యాప్యాయత నిజమైనదే. కాని వార్తకు శీర్షిక సంఖ్య యగుటను గమనింపవలయును. మధుపర్కమునందు మూఁడు ద్రవ్యములు చాలెను. అది యేఁటి కొకమాఱు జరుగునది. మూఁడు మూఁడువందల యఱువదియైదైనంత మాత్రమున గౌరవము పెరిగినదా యన్న ప్రశ్నకు సమాధానము ఆకునందు దొరకదు. ఆ యాకుప్రక్కఁ గూరుచున్న వధువు ముఖమున మాత్రమే దొరకును.

పట్టణములయందు జీతములపై నుండు దంపతులు నేఁడు పండుగకు మూఁడు నాలుగు దినముల సెలవులో పల్లెకు వచ్చి పోవుదురు. చాటుకవి యిచ్చిన అయిదాఱు దినముల గడువును మీఱు నవకాశమే చాలమందికి లేదు; కావున గాడిద యగు భయము తొలఁగినది. అత్తవారింటఁ గాలుపెట్టిన యల్లుఁడు మర్యాదలను లెక్కించుకొనుచుండఁగా, భార్య పెరటిలో తల్లితో నేమి మాటలాడుచున్నదో, తండ్రి యారోగ్యమును జూచి యేల మౌనముగా నున్నదో, నాలవనాఁడు పెట్టె సర్దుకొనుచు నేల జాగు చేయుచున్నదో యతఁడు గమనించుచున్నాఁడా? కుమారసంభవమునందలి శివుఁడు గమనించెను, మేన యూఱడిల్లెను. భాగవతమునందలి దక్షుఁడు గమనింపలేదు.

పాఠశాలలయందు సుమతిశతకపద్యమును బోధించునపుడు పండితులు తెల్లకాకుల మాటతో నిలుపక, నలుఁడు విదర్భకుఁ బోనొల్లక చెప్పిన కారణమునుగూడ బాలురకుఁ జెప్పుట యుచితము. అల్లుని మంచితనము లోకమున లేని వస్తువు కాదనుటకు ఆ యొక్క వాక్యము చాలును. ఆ మంచితనమును దేనితోఁ గొలువవలయునో కూడ నందే యున్నది.